‘ఇమ్యునైజేషన్’కి ‘రోగనిరోధక శక్తి’ అంటే ఎందుకు కుదరడం లేదు: సమాధానం

కుక్కకాటు గురించిన ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేస్తుంటే ‘ఇమ్యునైజేషన్’ ఉన్న వాక్యం కుదరడం లేదని అడిగారు. దానికి కారణం ఒకటే. ‘ఇమ్యూనిటీ’కీ, ‘ఇమ్యునైజేషన్’కీ మీరు ‘రోగనిరోధక శక్తి’ అనే రాశారు. మొదటిది ఒంట్లో ఉండే స్థితి, రెండోది ఆ స్థితిని తెప్పించే పని. (ఈ రెండు మాటలకూ మూలం లాటిన్ ‘ఇమ్యూనిస్’, అంటే పన్నుల నుంచీ విధుల నుంచీ మినహాయింపు ఉన్నవాడు. పన్ను లేని మన మాన్యం భూమిలాగే. కరపత్రంలో మాత్రం ఇది వద్దు.)

1. పిల్లల టీకా కార్డు, ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) రిజిస్టరు లాంటి చోట్ల ‘ఇమ్యునైజేషన్’కి ‘టీకాలు వేయడం’ చాలు.

2. చాలామంది దాటేసేది ఇదే: ‘ఇమ్యునైజేషన్’కి ముందు ‘యాక్టివ్’ ఉందా, ‘పాసివ్’ ఉందా చూడండి.
టీకా పడితే యాంటీబాడీలను (రోగక్రిములను అడ్డుకునే ప్రోటీన్లను) ఒళ్లే తయారు చేసుకుంటుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. ఇది యాక్టివ్.
రక్తం వచ్చేలా కరిచినప్పుడు గాయంలోనూ, దాని చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌లో యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. వెంటనే పనిచేస్తాయి, ఎక్కువకాలం నిలవవు. ఇది పాసివ్, టీకా కాదు.
రెండింటినీ ‘టీకా’ అంటే చదివినవాళ్లు ఏదో ఒకటి చాలనుకుంటారు. కుక్కకాటు విషయంలో అది ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ‘రేబిస్ టీకా’, ‘సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్’ అని విడివిడిగా రాయండి. పక్కనే ‘ఇమ్యునోగ్లోబ్యులిన్’ అని తెలుగు లిపిలో ఉంచండి, ఆసుపత్రిలో అడగాల్సిన పేరు అదే.

3. ‘ఫుల్లీ ఇమ్యునైజ్డ్’ అంటే ‘పడాల్సిన టీకాలన్నీ పడ్డ బిడ్డ’. ‘సంపూర్ణ రోగనిరోధకత పొందిన’ అని రాస్తే లేని భరోసా ఇచ్చినట్టే.