సిర గోడ ఎప్పటికీ పలుచగానే ఉంటుందని ఎవరన్నారు?

"ధమని గోడ మందంగా, సిర గోడ పలుచగా ఉంటుందని చదివాను, ఎందుకు?" అని అడిగారు. మా నాన్న ఎడమ చెయ్యి ఒక్కసారి చూస్తే మీకు పుస్తకం అక్కర్లేదు.

ఆయన మూత్రపిండాలు దెబ్బతిన్నాక, డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. న్యూయార్క్ వైద్యులు 1966లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. అంతకుముందు ఆ సిర చర్మం కింద సన్నటి నీలి దారంలా ఉండేది, సూది గుచ్చబోతే పక్కకు జారేది. ఆపరేషన్ తర్వాత దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సులో వెళ్తుంటే నాన్న నా వేళ్లు పట్టుకుని అక్కడ ఆనించేవారు. లోపల జుమ్మని ఒకటే అదురు! అది ఆగిందంటే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. వారాలు గడిచేకొద్దీ ఆ సిర ఉబ్బి, గట్టిపడి, ముంజేతి పొడవునా తేలింది. ఇప్పుడు లావుపాటి డయాలసిస్ సూదులనే తట్టుకుంటోంది.

సూక్ష్మదర్శినిలో చూస్తే రెండింటికీ మూడేసి పొరలుంటాయి. లోపల ఒకే వరుసలో పలుచటి ఎండోథీలియం కణాలు, మధ్యలో నునుపు కండరాలు, సాగే ఎలాస్టిన్ పోగులు, వెలుపల గట్టి కొల్లాజెన్ పోగులు. ధమనిలో మధ్య పొరదే పెత్తనం. సిరలో అది నామమాత్రం, వెలుపలి పొరే మందం. ధమనిలో సగటు ఒత్తిడి 90 మిల్లీమీటర్ల పాదరసం పైమాటే, సిరలో అందులో చిన్న వంతు. ఫిస్టులాలో ధమని ఉరవడి సిర మీద పడేసరికి ఎండోథీలియం పసిగట్టి కబురు పంపుతుంది, నాళం వెడల్పవుతుంది, గోడలో కండర కణాలు పెరుగుతాయి. అవే హద్దు మీరి లోపలికి పెరిగితే దారి ఇరుకై ఫిస్టులా మూసుకుపోతుంది కూడా. మోసే ఒత్తిడిని బట్టే గోడ తయారవుతుందని నేను ఖాయంగా చెబుతాను.

కోచింగ్ సెంటర్లలో ఇదేమీ చెప్పరు. ఆ పొరల మూడు లాటిన్ పేర్లు బట్టీ పట్టించి వదిలేస్తారు. మా కాలేజీలో సూక్ష్మదర్శినులు ఏడాదంతా బీరువాలోనే ఉండేవి, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఆ చదువు ఫలితం ఒక క్లినిక్‌లో కళ్లారా చూశాను. వద్దంటున్నా వినకుండా అక్కడి సిబ్బంది నాన్న ఫిస్టులా చేతికే బీపీ పట్టీ చుట్టబోయారు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

మీ ఇంట్లో ఫిస్టులా ఉన్నవారుంటే ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, పరీక్షలకని అందులోంచి రక్తం తీయనివ్వకండి, బిగుతు గడియారం పెట్టనివ్వకండి. రోజూ పొద్దున్నే వేళ్లు ఆనించి అదురు ఉందో లేదో చూడండి.