కొచ్చిలో గైడుతో ఒక పూట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎర్నాకుళంలో పెళ్లికి వెళ్తున్నాం. శుక్ర, శనివారాలు ఖాళీ. ఆ రెండు రోజుల్లో ఫోర్ట్ కొచ్చి, మట్టంచేరి చూడాలని ఉంది. రెండు రోజులకూ గైడును మాట్లాడుకోవాలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందుగా రోజులు మార్చుకోండి. మట్టంచేరి రాజభవనానికి శుక్రవారం సెలవు. యూదుల ప్రార్థనా మందిరం శుక్ర, శనివారాలు రెండూ మూసి ఉంటుంది, యూదుల పండుగలకూ అంతే. మీరనుకున్న రోజుల్లో వెళ్తే శుక్రవారం రెండూ పోతాయి, శనివారం ఒకటి పోతుంది. ప్రయాణాన్ని ఒక్క రోజు పొడిగించి ఆదివారం చూడండి. సోమవారం నుంచి గురువారం లోపల వీలైతే ఇంకా మంచిది.

గైడు ఒక పూటకు చాలు. సగం రోజంటే నాలుగు గంటల లెక్క. మామూలు రోజుల్లో ఉదయం ఎనిమిదికి ఫోర్ట్ కొచ్చి ఒడ్డున చైనా వలల (నీళ్లలోకి దించి పైకి లేపే పెద్ద చేపల వలలు) దగ్గర మొదలుపెట్టండి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, శాంటాక్రూజ్ బసిలికా చూసుకుని పదిన్నరకల్లా ఆటోలో మట్టంచేరి చేరండి, రెండున్నర, మూడు కిలోమీటర్లే. రాజభవనం చూసి యూదుల మందిరానికి వెళ్లండి. అది మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి మళ్లీ మూడింటికి తీస్తారు. ఈ విరామం సంగతి తెలియక ఎండలో రెండు గంటలు నిలబడిపోయేవాళ్లు ఎక్కువ. ఆదివారమైతే ఇదే వరస తిరగేయండి. ఉదయం చర్చిల్లో ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి పదింటికి మట్టంచేరి ముందు, చర్చిలు తరవాత. ఎర్నాకుళం హైకోర్టు దగ్గర నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రో పడవ ఉంది, పాత బోటు జెట్టీ నుంచి మామూలు పడవలూ ఉన్నాయి. రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కోకండి.

ప్రశ్న: అన్ని వివరాలూ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా, గైడుకు డబ్బెందుకు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తేదీల కోసమైతే అక్కర్లేదు. 1341లో పెరియార్ నది వరదకు ముజిరిస్ అనే పాత రేవు పూడిపోయి కొచ్చి రేవుకు దారి తెరుచుకుందనీ, పోర్చుగీసుల తరవాత 1663లో డచ్చివారు, 1795లో ఇంగ్లీషువారు వచ్చారనీ ఎక్కడైనా చదువుకోవచ్చు. గైడు అవసరం కళ్లముందున్న వస్తువును చూపించడంలో ఉంది.

చైనా వలనే తీసుకోండి. ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు దాని వెనక వేలాడే రాళ్లను చూడరు. తాళ్లకు ఆ రాళ్లను వేర్వేరు పొడవుల్లో కడతారు. వల పైకి లేస్తుంటే రాళ్లు ఒక్కొక్కటే కింద బల్ల మీద ఆనుతూ వస్తాయి. ఎత్తు మారేకొద్దీ బరువూ దానంతటదే సర్దుకుంటుంది. అందుకే అంత పెద్ద వలను గుప్పెడు మంది లేపగలుగుతున్నారు. మంచి గైడు వల లేచేదాకా మిమ్మల్ని ఆపి ఆ రాళ్లవైపు చూడమంటాడు. తాడు లాగమని జాలర్లు పిలిస్తే చివర్లో డబ్బు అడుగుతారు. ఎంతో ముందే గైడుతో తేల్చుకుని లాగండి, పిల్లలకు చాలా ఇష్టమైన పని అది.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోనూ అంతే. వాస్కో డ గామా 1524లో కొచ్చిలోనే చనిపోయాడు, మొదట ఇక్కడే పూడ్చారు, తరవాత అవశేషాలను లిస్బన్ తీసుకెళ్లారు. అందరూ కటకటాల్లో ఉన్న ఆ సమాధి రాయి చుట్టూ మూగుతారు. గోడలకు నిలబెట్టిన సమాధి ఫలకాలను చూసేవాళ్లు తక్కువ. ఉత్తరం గోడకు పోర్చుగీసువారివి, దక్షిణం గోడకు డచ్చివారివి. తల పైకెత్తితే గుడ్డ పంకాలు. వాటి తాళ్లు బయటికి పోతాయి, బయట కూర్చుని మనిషి లాగేవాడు.

రాజభవనంలో గైడు విలువ అన్నిటికంటే ఎక్కువ. పడకగది గోడల నిండా రామాయణం. పుత్రకామేష్టి నుంచి అయోధ్యకు తిరిగి రావడం దాకా. కథ మనకు తెలిసిందే కానీ, బొమ్మలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఉండడంతో ఎక్కడ ఏ ఘట్టం మొదలవుతుందో చెప్పేవాళ్లు లేకపోతే అయిదు నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. అక్కడ అరగంటైనా ఉండాలి. ఫొటోలు తీయనివ్వరు.

ప్రశ్న: గైడును ఎలా ఎంచుకోవాలి? రేటులో ఏమేం కలుస్తాయి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కేంద్ర పర్యాటక శాఖో, రాష్ట్ర పర్యాటక శాఖో ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించమనండి. ఫొటో, గడువు తేదీ రెండూ చూడండి. జెట్టీ దగ్గర ఎదురొచ్చి మాట కలిపేవాళ్లతో బేరం పెట్టుకోకండి. తెలుగు వచ్చినవాళ్లు దొరకడం కష్టం, హిందీయో తమిళమో ఇంగ్లీషో ముందే ఖాయం చేసుకోండి. ఫోన్‌లో అయిదు నిమిషాలు మాట్లాడితే అతని మాట మీ ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమవుతుందో లేదో తెలిసిపోతుంది.

రేటు మనిషికా, గుంపు మొత్తానికా అడగండి. లైసెన్సు ఉన్న గైడుకు మామూలుగా గుంపును బట్టి ఇస్తారు. ఆటో, ప్రవేశ టికెట్లు దాదాపు ఎప్పుడూ వేరే. గంటలు దాటితే అదనం ఎంతో కూడా వాట్సాప్‌లో రాయించుకోండి.

అన్నిటికంటే ముఖ్యం దుకాణాల సంగతి. రేటు మరీ తక్కువ చెబితే ఆ లోటు యూదుల మందిరం దగ్గరి దుకాణాల వీధి, జ్యూ టౌన్‌లో పూడ్చుకుంటారు. మీరు కొన్నదాంట్లో కమిషన్ ఉంటుంది, అది మీ బిల్లులోనే కలుస్తుంది. "దుకాణాలు వద్దు, అవసరమైతే మేమే వెళ్తాం" అని మొదటి మాటలోనే చెప్పండి. ఆటో అతనికీ ఇదే మాట చెప్పాలి. మిరియాలూ యాలకులూ కొనాలనుంటే గైడును పంపించేశాక, రెండు మూడు చోట్ల కిలో ధర అడిగి కొనండి. నాలుగు మిరియపు గింజలు నీళ్లలో వేయండి. గట్టి గింజ మునుగుతుంది, తాలూ, కల్తీకి కలిపే బొప్పాయి గింజా తేలతాయి.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. తిరగగలరా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఫోర్ట్ కొచ్చి నేలంతా చదును, ఇబ్బంది ఉండదు. రాజభవనం మాత్రం పై అంతస్తులో ఉంది, మెట్లు తప్పవు. ఆటోను మొత్తం పూటకు వెయిటింగ్‌తో మాట్లాడుకోండి. పది దాటితే ఉక్కపోత పెద్దవాళ్లను నడకకంటే ఎక్కువ అలిసేలా చేస్తుంది. అమ్మగారికి ఓపిక ఉంటే చెర్లాయిలోని తిరుమల దేవస్థానానికి తీసుకెళ్లండి. కొంకణివారి ఆలయం, మూలవిరాట్టు వేంకటేశ్వరుడే. దర్శన వేళలు, దుస్తుల నియమం ముందురోజే గైడుతో కనుక్కోండి.

ప్రశ్న: అమెరికా నుంచి వస్తున్నాం. జ్యూ టౌన్‌లో పాత ఇత్తడి సామాను, చెక్క బొమ్మలు కొని తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: నూరేళ్లు దాటిన కళావస్తువులను దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. "రెండొందల ఏళ్లది" అని అమ్మినవాడి మాట నిజమైతే విమానాశ్రయంలో చిక్కు, అబద్ధమైతే డబ్బు దండగ. కొత్తగా చేసినదే కొనండి, బిల్లులో అది కొత్త వస్తువని రాయించండి. చూడటానికి పాతదిలా ఉంటే, పురాతన వస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి కొనడం ప్రయాణం చివరి రోజుకు వాయిదా వేయకండి.