కళ్ళెదుట పోయిన ప్రాణం

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. అందువల్ల మిగిలిన వాటిని వచ్చే సంచికకు ఉంచి, ఈ మూడింటికే ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారిని గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలను తొలగించాను.

ప్రశ్న: నా వయసు 34. సూర్యాపేట ప్రాంతంలో ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఏడు వారాల కిందట, రాత్రి ఎనిమిది గంటలప్పుడు, హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నాకు ముందు వెళ్తున్న మోటారు సైకిల్‌ను లారీ ఢీకొట్టింది. నేను నా బండి ఆపాను కానీ, కేసులో ఇరుక్కుంటానేమో అన్న భయంతో రెండు నిమిషాలు దూరంగానే నిలబడిపోయాను. తర్వాత 108కి ఫోన్ చేసి, వెళ్ళి అతని తల దగ్గర కూర్చున్నాను. అతను మాట్లాడలేదు. ఆగి ఆగి, నోరు తెరిచి గాలి మింగుతున్నట్టు నాలుగైదు నిమిషాలు ఊపిరి తీశాడు. దాహమేమోనని నా సీసాలోని నీళ్ళతో పెదవులు తడిపాను. అతని జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, తీయడానికి ధైర్యం చాలలేదు. అంబులెన్స్ వచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది. ఇప్పుడు ఆ రింగ్‌టోన్ ఎక్కడ వినిపించినా ఒళ్ళంతా చెమట పడుతుంది. రాత్రి రెండింటికీ మూడింటికీ మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. ఆ చోటు మీదుగా వెళ్ళలేక, ఊళ్ళ వెంట పన్నెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పనికి పోతున్నాను. ‘మనోడు కాదు, మన ఊరోడు కాదు, నువ్వెందుకు గిట్లయితున్నవ్’ అని ఇంట్లో అంటున్నారు. నేను ముందే దగ్గరకు పోయి ఉంటే అతను బతికేవాడా? నీళ్ళు ఇవ్వడం తప్పా?

జవాబు: ముందు మీ రెండు ప్రశ్నలకు సమాధానం చెబుతాను. అవి తేలకుండా నేను చెప్పే మిగతా మాటలు మీ చెవికి ఎక్కవు.

మీరు చూసిన ఊపిరిని మన పెద్దలు ఎగశ్వాస అంటారు. గుండె ఆగినప్పుడో, మెదడుకు తీవ్రమైన దెబ్బ తగిలినప్పుడో, మెదడు అడుగుభాగంలోని కాండం నుంచి తనంతట తానుగా పుట్టే చర్య అది. చూసేవారికి మాత్రం ఆ మనిషి బతకడానికి పెనుగులాడుతున్నట్టు, మనల్నే పిలుస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ దశకు చేరిన మనిషికి సాధారణంగా స్పృహ ఉండదు. అతను బతికేవాడా కాదా అన్నది ఉత్తరం చదివి ఏ వైద్యుడూ ప్రమాణం చేసి చెప్పలేడు. అయితే లారీ దెబ్బ తగిలిన కొద్ది నిమిషాలలోనే ఎగశ్వాసకు చేరాడంటే, తలలోనో ఛాతీలోనో పొట్టలోనో గాయం చాలా లోతైనదని అర్థం. అటువంటి గాయానికి కావలసినవి ఎక్కించడానికి రక్తం, ఆపరేషన్ గది, సర్జన్. వట్టి చేతులతో ఉన్న మనిషి రెండు నిమిషాలు ముందుగా చేరినంత మాత్రాన వీటిలో ఏదీ అక్కడికి వచ్చేది కాదు.

ఇక్కడ మిగతా పాఠకుల కోసం ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఏ గాయమూ లేకుండా నిలుచున్నచోటే కుప్పకూలిన మనిషి పిలిచినా పలకకుండా ఇలా ఎగశ్వాస తీస్తుంటే, ‘ఊపిరి ఆడుతోంది కదా’ అనుకుని చూస్తూ ఉండకూడదు. 108కి ఫోన్ చేయించి, రొమ్ము మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, కనీసం రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండాలి.

నీళ్ళ సంగతి. తీవ్రంగా గాయపడినవారికి నీళ్ళు పట్టకూడదన్నది నిజమే. స్పృహ లేనప్పుడు అవి ఊపిరితిత్తులలోకి దిగవచ్చు, ఆపరేషన్ చేయవలసి వస్తే కడుపు ఖాళీగా ఉండడం మేలు. కానీ మీరు చేసింది పెదవులు తడపడం. దానివల్ల ప్రాణం పోదు. పోతున్నవారి నోట్లో తులసి తీర్థం పోయడం మన ఇళ్ళలో కన్నబిడ్డలు చేసే పని. పేరు కూడా తెలియని మనిషికి ఆ రాత్రి ఆ పని మీరు చేశారు. దాన్ని మీ తప్పుల జాబితాలో రాసుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇక ఆ రెండు నిమిషాల భయం. అది మీ ఒక్కరి పిరికితనం కాదు. సాయం చేయబోతే స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిప్పుతారన్న భయం మన జనంలో ఎన్నో ఏళ్ళుగా పాతుకుపోయింది. ఆ భయాన్ని తీయడానికే 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సాయపడినవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం, ప్రమాదంలో గాయపడినవారికి మంచి ఉద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా సాయపడిన మనిషి మీద సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ మోపకూడదు. పేరు, చిరునామా చెప్పమని, సాక్షిగా ఉండమని బలవంతం చేయకూడదు. ఈ సంగతి తెలిసి ఉంటే మీరు ఇంకొంచెం ముందే అడుగు వేసేవారేమో. తెలియకుండానే, ఆ భయంతోనే, మీరు అతని దగ్గరకు వెళ్ళారు.

ఇప్పుడు మీ గురించి. భయంకరమైన క్షణాన్ని మెదడు కథలాగా వరుసగా దాచుకోదు. ఒక శబ్దం, ఒక వెలుగు, ఒక వాసన, ఇలా ముక్కలుగా దాచుకుంటుంది. ఆ ముక్కల మీద తేదీ ఉండదు. అందుకే రింగ్‌టోన్ వినిపించగానే మీ ఒంటికి అది ఏడు వారాల కిందటి సంగతి కాదు, ఇప్పుడే జరుగుతున్నది. మొదటి మూడు నాలుగు వారాలలో ఇటువంటి ఉలికిపాటు, నిద్రలేమి, కళ్ళ ముందు అదే దృశ్యం తిరగడం చాలామందికి కలిగేవే. ఎక్కువమందిలో అవి క్రమంగా తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకుండా, పనినీ నిద్రనూ దారినీ మార్చేస్తుంటే దానికి చికిత్స అవసరం. 1980 నుంచి వైద్య గ్రంథాలలో దీనికి పీటీఎస్‌డీ అనే పేరు ఉంది. మీ విషయంలో ఆ పేరు వర్తిస్తుందో లేదో ఎదురుగా కూర్చుని మాట్లాడిన వైద్యుడే నిర్ణయించాలి, కానీ ఏడు వారాలు గడిచాయి కనుక ఇక ఆలస్యం చేయవద్దు. మీ జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్ళవచ్చు. అంతకంటే ముందు, ఈ రాత్రే మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ఈ బాధకు బాగా పనిచేస్తుందని తేలిన చికిత్స, శిక్షణ పొందిన మనిషి తోడుగా ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం. దానిలో రెండు మూడు పద్ధతులు ఉన్నాయి, ఏది అందుబాటులో ఉంటే అది తీసుకోండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు. ఇటువంటి ఘటన జరిగిన మొదటి నెలలో ఆందోళనకూ నిద్రకూ వాడే బెంజోడయాజిపైన్ రకం మాత్రలు పెద్దలకు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. ఆ తర్వాత కూడా అవి అలవాటుగా మారే ప్రమాదమే ఎక్కువ. మీరు రాయలేదు కానీ అడగకుండా ఉండలేను. నిద్ర కోసం సాయంత్రం మందు తాగడం మొదలుపెట్టి ఉంటే, ఆ మాట కూడా వైద్యుడికి దాచకుండా చెప్పండి.

మీ ఉత్తరంలో ఒక విషయం నన్ను ఆపింది. ఆ రాత్రి సంగతి అంబులెన్స్ రాకతో ముగిసిపోయింది. ఆ తర్వాత మీరు ఎంతసేపు అక్కడ ఉన్నారు, ఇంటికి ఎలా చేరారు, తలుపు ఎవరు తీశారు, చేతులు ఎక్కడ కడుక్కున్నారు, ఏమైనా తిన్నారా, వీటిలో ఒక్కటీ లేదు. మీ మనసు ఇప్పటికీ ఆ రోడ్డు పక్కనే కూర్చుని ఉంది. చికిత్స మొదలైన తర్వాత ఆ రాత్రిని ఒకసారి కాగితం మీద పూర్తిగా రాయండి. మీ తలుపు దగ్గరకు వచ్చేదాకా, ఆ మరునాటి పొద్దుటి దాకా రాయండి. రోడ్డు విషయంలో కూడా అంతే. ఒక్కసారిగా ఆ చోటుకు వెళ్ళి నిలబడవలసిన అవసరం లేదు. మొదట పగటిపూట, ఒక స్నేహితుడిని వెంటబెట్టుకుని, ఆ చోటుకు రెండు మూడు కిలోమీటర్ల ఇవతలి దాకా వెళ్ళి, గుండెదడ తగ్గేదాకా ఆగి, తిరిగి రండి. ఆ దూరాన్ని వారం వారం కొంచెం కొంచెంగా తగ్గించండి.

మీ ఇంట్లోవారు కఠినులని నేను అనుకోను. మన ఆచారంలో చావుకు చుట్టరికమే కొలత. ఎవరికి ఎన్ని రోజుల మైల, ఎవరికి స్నానంతో సరి, ఎవరు ఎప్పుడు పరామర్శకు రావాలి, అన్నిటికీ లెక్క ఉంది. దారిన పోయే మనిషి చేతుల్లో ప్రాణం విడిచినవాడికి ఆ లెక్కలో చోటు లేదు. మీ గుమ్మం దగ్గరకు పరామర్శకు ఎవరూ రాలేదు, పెద్దకర్మ నాడు మీరు ఎవరితోనూ కలిసి భోజనం చేయలేదు. దుఃఖం దించుకోవడానికి నలుగురికీ దొరికే మెట్లలో ఒక్కటీ మీకు దొరకలేదు. ఈ పేరాను ఇంట్లో చదివి వినిపించండి. ‘ఎవరో’ అన్న మాట మానేసి, ఒక సాయంత్రం మీ పక్కన కూర్చుని ‘ఆ రాత్రి ఏం జరిగింది’ అని వారు అడిగితే అదే మీకు పరామర్శ. మీకు నమ్మకం ఉంటే, అతని పేరు తెలియకపోయినా ఒక దీపం పెట్టండి.

ఆ ఫోన్ గురించి ఒక మాట. అవతల ఉన్నవారికి అతని ఆఖరి నిమిషాల గురించి తెలుసుకోవాలన్న తపన ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మీరు కొంత కుదుటపడిన తర్వాత, ఆ ప్రమాదం నమోదైన స్టేషన్ ద్వారా, వారికి ఇష్టమైతేనే కలుస్తానని కబురు చేయవచ్చు. క్షమాపణ కోరడానికి మాత్రం వెళ్ళవద్దు, ఆ భారం వారి మీద పెట్టకూడదు. ‘ఆయన ఒంటరిగా లేరు, నేను పక్కనే ఉన్నాను’ అన్న ఒక్క మాట చెప్పి రావడానికి వెళ్ళండి.

ప్రశ్న: మా అమ్మ క్యాన్సర్‌తో రాజమహేంద్రవరంలోని మా ఇంట్లోనే పోయింది. వైద్యులు ఇక చేయగలిగింది లేదని చెప్పి ఇంటికి పంపారు. చివరి రెండు రోజులు నీళ్ళు కూడా మింగలేదు. ఆఖరి రాత్రంతా గొంతులో గురగురమని శబ్దం. ఆ శబ్దం నా చెవుల్లోంచి పోవడం లేదు. అమెరికాలో ఉన్న అన్నయ్య ‘ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేది’ అంటున్నాడు. అమ్మ నా చేతుల్లో ఊపిరాడక బాధపడి పోయిందా?

జవాబు: లేదమ్మా. ఆఖరి గంటలలో మనిషి మగతలోకి జారిపోయినప్పుడు, మనమందరం తెలియకుండానే మింగేసే ఉమ్మినీ కఫాన్నీ మింగే శక్తి ఉండదు. అది గొంతు వెనుక చేరుతుంది, ఊపిరి దాని మీదుగా వెళ్ళి వచ్చేటప్పుడు ఆ శబ్దం పుడుతుంది. మరణశయ్య దగ్గర పనిచేసే వైద్యులకూ నర్సులకూ ఇది బాగా తెలిసిన శబ్దం. మగతలో ఉన్నవారికి దానివల్ల బాధ ఉన్నట్టు కనిపించదు, పక్కన కూర్చున్నవారి గుండె మాత్రం చీలిపోతుంది. ఆ రాత్రి ఆ శబ్దాన్ని భరించినది మీరు.

తాగడం మానేసినందువల్ల అమ్మ పోలేదు, పోయే సమయం దగ్గర పడినందువల్ల తాగడం మానేసింది. శరీరం ఒక్కొక్క పనినీ విరమించుకుంటున్నప్పుడు సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు కాళ్ళకూ ఊపిరితిత్తులకూ చేరి, గొంతులోని శబ్దాన్నే పెంచవచ్చు. తడి దూదితో నోరు తుడవడం, పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టడం, చెయ్యి పట్టుకోవడం ఆ దశలో అసలైన వైద్యం. వీటిలో మీరు చేసినవి ఏవో గుర్తు తెచ్చుకుని అన్నయ్యకు చెప్పండి. ఆయన మాట మీ మీద ఆరోపణగా వినిపిస్తోంది కానీ, నా అనుభవంలో దూరాన ఉన్న బిడ్డలు తరచూ ఇలాగే మాట్లాడతారు. మీరు చూసినది మరిచిపోలేక బాధపడుతున్నారు, ఆయన చూడలేకపోయినందుకు బాధపడుతున్నారు. ఫోన్లో వాదించవద్దు. ఆఖరి రోజున అమ్మ ఏమన్నది, ఏ పేరు తలచుకున్నది, ఆయనకు ఒక ఉత్తరంలో రాయండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ళ బాబు తాతయ్యతో క్యారమ్స్ ఆడుతుండగా ఆయన గుండెపోటుతో బోర్డు మీదికే ఒరిగిపోయారు. మూడు వారాలైంది. భయపడతాడని ‘తాతయ్య నిద్రపోయాడు’ అని చెప్పి, పిన్ని ఇంటికి పంపేశాం. ఇప్పుడు రాత్రి పడుకోనంటాడు, నన్నూ పడుకోనివ్వడు. ఏం చేయాలి?

జవాబు: మీరు ప్రేమతో చెప్పిన మాటే వాడిని మేల్కొలిపి ఉంచుతోంది. నిద్రపోయిన తాతయ్య లేవలేదు కనుక, నిద్రపోతే అమ్మ కూడా లేవదని వాడు కాపలా కాస్తున్నాడు. ఈ రోజే ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేరుగా చెప్పండి. ‘తాతయ్య చనిపోయారు. ఆయన గుండె ఆగిపోయింది. నిద్ర వేరు, చావు వేరు. నిద్రపోయినవాళ్ళు పొద్దున లేస్తారు.’ ఈ మాటలు వాడు పదిసార్లు అడిగితే పదిసార్లూ విసుగు లేకుండా చెప్పండి.

తర్వాత, వాడు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పండి. ఈ వయసు పిల్లలు జరిగినదానికి తామే కారణమని లోలోపల అనుకోవడం మామూలే. ఆటలో తొండి చేశానని, రెడ్ కాయిన్ నేనే కొట్టి ఏడిపించానని, ఇలాంటిదేదో వాడి మనసులో ఉండవచ్చు. ‘నువ్వు చేసిన దేనివల్లా తాతయ్య చనిపోలేదు’ అని పనిగట్టుకుని అనండి. పడిపోవడం, చనిపోవడం ఆటలాగా ఆడుతుంటే ఆపవద్దు, చూసినదాన్ని పిల్లలు అలాగే అర్థం చేసుకుంటారు. నెలమాసికానికి వాడిని మళ్ళీ దూరంగా పంపకుండా, ఇష్టపడితే పూలు పెట్టనివ్వండి. నెల దాటాక కూడా నిద్ర కుదరకపోయినా, పక్క తడుపుతున్నా, బడికి వెళ్ళనని మొండికేస్తున్నా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి.

క్యారమ్ బోర్డును అటక మీద దాచి ఉంటే కిందికి దించి, ఎప్పుడూ ఉండే చోటనే పెట్టండి. ఆడమని అనవద్దు. వాడంతట వాడే తీసిన రోజున, ఎదురుగా ఎవరు కూర్చోవాలో వాడినే అడగండి.