పచ్చని కోనసీమలో సార్వా అంటే భయమెందుకు?

ప్రశ్న: మాది విజయవాడ పటమట, నన్నిచ్చింది అంబాజీపేట దగ్గర పల్లెకి. అక్కడి కొబ్బరి తోటలు, నిండు కాలువలు చూస్తే ఇంతకంటే మంచి నేల ఉంటుందా అనిపిస్తుంది. మా మామయ్యగారు మాత్రం సార్వా (వానాకాలం వరి) అంటేనే టెన్షన్ పడతారు, 2011లో అసలు ఊడ్పులే వేయలేదట. నీళ్లున్న చోట ఈ బాధేంటండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: అక్కడ నీళ్లు రావడానికి కొదవ లేదమ్మా, పోయే దారే లేదు. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. గోదారి తెచ్చి పోసిన ఒండ్రు నేల కాబట్టి పళ్లెంలా చదునుగా ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర పుణ్యమా అని కాలువ నీళ్లు చేలకి చేరాయి. కానీ చేలో మిగిలిన నీరు మురుగు కాలువల్లోంచే కదా సముద్రంలో కలవాలి, అవేమో చాలాచోట్ల పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉంటాయి, పైగా పోటు మీదున్నప్పుడు సముద్రం ఆ నీళ్లను వెనక్కి తోస్తుంది.

ఒక నవంబరులో అమలాపురం దగ్గర చూశాను. వాన వెలిసి నాలుగు రోజులైనా చేలో మోకాలి లోతు నీళ్లు, ఒక పెద్దాయన పడిపోయిన చేను ఎత్తి చూపిస్తే కంకుల మీదే తెల్లగా మొలకలొచ్చేశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన విజయవాడ సింగ్ నగర్‌లో నీళ్లు కదలకపోతే మనం ఎంత అల్లాడామో గుర్తుందిగా, ఆయనకది దాదాపు ఏటా ఉండేదేనట.

2011లో ముంపు ఒక్కటే కారణం కాదు. ధాన్యం ధర ఖర్చులకే చాలలేదు, కూలీలు దొరకలేదు, దాంతో సుమారు లక్ష ఎకరాల్లో పంట విరామం పెట్టారు. రైతులు ఎందుకలా చేశారో తెలుసుకోడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేయాల్సి వచ్చింది. అన్నం పెట్టే నేలని రైతే బీడు పెట్టాడంటే ఎంత కడుపు మండిందో చూడండి.

స్వర్ణ సబ్-1 లాంటి రకాలు పైరు దశలో రెండు వారాల దాకా మునకని తట్టుకుంటాయి, కోతకొచ్చి పడిపోతే మాత్రం ఏ రకమూ ఆదుకోదు. అందుకే జూన్ మొదట్లోనే కాలువలకి నీళ్లొదిలితే తుపాన్ల లోపే కోతలైపోతాయని రైతులు అడుగుతుంటారు. ఈసారి వెళ్లినప్పుడు మామయ్యగారిని చేను చివర మురుగు బోదె దాకా తీసుకెళ్లమని అడగండి.