చేతిరాత క్లాసు కాదు, వరుస నేర్పండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. అమ్మాయి తొమ్మిదో తరగతి. నోటితో చెప్పమంటే గడగడా చెబుతుంది, పెన్ను పడితే అంతా కలగాపులగం. లా చదివి, తర్వాత సివిల్స్ రాస్తానంటోంది. తిరుపతిలో చేతిరాత క్లాసులోనో, స్పోకెన్ ఇంగ్లీషులోనో చేర్పించమంటారా? మామిడి రైతుల మీద తను రాసిన పేరా పంపుతున్నాను.

జవాబు: రెండింటిలోనూ వద్దు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చిక్కంతా వరుసలో ఉంది. "మా తోటలో తోతాపురి చెట్లు ఉన్నాయి. మామిడి పండ్లు ఆరోగ్యానికి మంచివి. రైతులకు గిట్టుబాటు ధర లేదు. ప్రభుత్వం ఆదుకోవాలి" అని రాసింది. నాలుగు వాక్యాలు, నాలుగు దిక్కులు.

ముందు పెన్ను పక్కన పెట్టించి, "నువ్వు చెప్పదలచుకున్నది ఏమిటమ్మా?" అని అడగండి. తోతాపురి రైతు బేరమాడలేడు అంటుందనుకుందాం. ఎందుకు ఆడలేడు? ఆ కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది, కోతలన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి, కాయ నిలవ ఉండదు. నువ్వు చూసింది చెప్పు అనండి. ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరిన ట్రాక్టర్లు, ఎండకు మెత్తబడుతున్న కాయలు ఆ పిల్ల చూసే ఉంటుంది. అది రాయదగ్గ విషయమని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. ఆరోగ్యం సంగతి నిజమే కావచ్చు, ఈ పేరాలో దానికి పని లేదు. ప్రభుత్వం ఏం చేసి ఆదుకోవాలో చెప్పగలిగితే ఆ వాక్యం ఉంచాలి, లేకపోతే కొట్టేయాలి.

ఇప్పుడు ఒక్కో వాక్యాన్ని ఒక్కో చీటీ మీద రాయించండి. చీటీలు నేలమీద పరిచి, ఏది ముందు, ఏది తర్వాత అని తనే జరుపుకోవాలి. ఏ చీటీ ఎక్కడ పెట్టినా తేడా రాలేదంటే వాటి మధ్య లంకె లేనట్టే. "అందువల్ల", "అయినా", "ఉదాహరణకు" లాంటి మాటలు అప్పుడు అతుకుల్లా కాక అవసరమై వస్తాయి. వారానికి రెండు పేరాలు చాలు. మర్నాడు అదే పేరాను తిరగరాయించడం మాత్రం మానకండి. మొదటిసారి రాసినప్పుడే అక్షరదోషాలకు ఎర్రసిరా పూయకండి, పిల్ల తప్పు రాని చిన్న వాక్యాల్లోకి ముడుచుకుపోతుంది. గైడ్లలోని వ్యాసాలు బట్టీ పట్టించవద్దు. "మానవుడు సంఘజీవి" అని మొదలైన వ్యాసం ఎటు పోతుందో దిద్దేవారికి రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

బడిలో దీనికి తీరిక దొరకడం కష్టం. మన ఊళ్లలో చదువంతా ఈఏపీసెట్ చుట్టూ తిరుగుతుంది. అందులో ఇంజనీరింగ్‌కు 160 ప్రశ్నలు, ఒక్క వాక్యమూ రాయనక్కరలేదు.

లా ప్రవేశాలూ అంతే. జాతీయ లా విశ్వవిద్యాలయాల కోసం రాసే క్లాట్‌లో 120 ప్రశ్నలు, 2 గంటలు, అన్నీ సరైన జవాబుకు గుర్తు పెట్టేవే. అయితే ప్రశ్నలన్నీ పేరాల మీదే వస్తాయి. చదివిన పేరాను ఒక వాక్యంలోకి కుదించడం ఇప్పటినుంచే అలవాటైతే అక్కడ కలిసివస్తుంది. ఇంటికి దగ్గరలో కావాలంటే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల లా కోర్సు ఉంది, ప్రవేశం లాసెట్ ద్వారా. చేరాక మాత్రం రాతే రాత. పిటిషన్‌లో ముందు జరిగిన సంగతులు, తర్వాత కారణాలు, చివర కోరిక. మీ అమ్మాయి చీటీలతో చేసేదీ ఇదే పని.

సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసాల పేపరుకు 250 మార్కులు, రాయాల్సినవి రెండే వ్యాసాలు. అవి తెలుగులోనూ రాయవచ్చు. అందుకే అభ్యాసం తెలుగులో మొదలుపెట్టండి. ఆలోచన వరుసలో పడ్డాక అదే పేరాను ఇంగ్లీషులో రాయించవచ్చు. భాష, ఆలోచన రెండూ ఒకేసారి మీద పడితే పిల్ల దేన్నీ మోయలేదు.

ఇంకొకటి. ఇంటర్‌లో మార్కులు సులువుగా వస్తాయని ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకోమని చాలా కాలేజీల్లో చెబుతారు. మీ అమ్మాయి విషయంలో ఒప్పుకోకండి, తెలుగే తీసుకోనివ్వండి.