200 కిలోమీటర్ల సైకిల్ రైడ్: గుండె పరీక్షకు ముందు బీపీ మాత్ర సంగతి తేల్చుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు, బరువు 78 కిలోలు. ఉద్యోగం నల్లగొండలో, సొంతూరు మర్రిగూడ మండలం. మూడేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. షుగర్ బార్డర్‌లో ఉందన్నారు కానీ మందులు ఇవ్వలేదు. ఏడాదిగా గేర్ల సైకిల్ తొక్కుతున్నాను, ఆదివారాలు 50 కిలోమీటర్ల దాకా పోతాను. డిసెంబర్‌లో 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కు పేరు ఇచ్చాను. ఇంకా పది వారాలుంది. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. పోయిన నెల మిత్రులతో నాగార్జునసాగర్ దాకా పోయి వచ్చాను. 80 కిలోమీటర్లు దాటాక మోకాలి చిప్ప ముందువైపు నొప్పి పుడితే డైక్లోఫెనాక్ మాత్ర వేసుకున్నాను. రెండు చేతుల చిటికెన వేళ్లు మొద్దుబారి రెండు రోజులు అలాగే ఉన్నాయి. నీళ్లు బాగా తాగాలంటారు కదా అని ఎనిమిది తొమ్మిది లీటర్లు తాగాను. అయినా ఇంటికొచ్చాక తలనొప్పి, ఒక వాంతి. వేళ్లు ఉబ్బి ఉంగరం కూడా రాలేదు. నా గుండెకు ఏ పరీక్షలు చేయించుకోవాలి? దారిలో బోరునీళ్లు తాగితే ఫ్లోరైడ్ ఇబ్బంది ఉంటుందా?
- ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: గుండె పరీక్షల గురించి తప్పకుండా చెబుతాను. అయితే మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ ఉంగరం సంగతి. ముందు అది చూద్దాం.

మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ పని మూత్రం ద్వారా ఉప్పులోని సోడియాన్ని బయటికి పంపడం. ఆ రోజు చెమటతో ఇంకొంత ఉప్పు పోయింది. లోపలికి మాత్రం ఉప్పు లేని నీళ్లు తొమ్మిది లీటర్ల దాకా వెళ్లాయి. దానికితోడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీలు ఎక్కువైన నీటిని సరిగా వదిలించుకోలేవు. ఇవన్నీ ఒకే రోజు కలిసినప్పుడు రక్తంలో సోడియం పలచబడుతుంది. లీటరు రక్తానికి 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాల్సిన సోడియం 135 కంటే తగ్గితే దాన్ని హైపోనాట్రీమియా అంటాం. తలనొప్పి, వాంతి, కడుపు ఉబ్బరం, వేళ్ల వాపు దీని తొలి గుర్తులు. మరీ పడిపోతే మెదడు వాచి మాట తడబడుతుంది, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజు రక్తపరీక్ష జరగలేదు కాబట్టి ఇదేనని ఖాయంగా చెప్పలేను. ఎండ తగిలినా తలనొప్పి, వాంతి ఉంటాయి. కానీ తాగిన నీళ్ల లెక్క, వేళ్ల వాపు రెండూ నీరు ఎక్కువైందనే చెబుతున్నాయి. ఇలాంటప్పుడు డీహైడ్రేషన్ అనుకొని ఇంకో రెండు లీటర్లు తాగించేవాళ్లు ఉంటారు. అసలు ప్రమాదం అక్కడే.

కిడ్నీల వైపు నుంచి చూసినా ఈ మందుల పొత్తు మంచిది కాదు. టెల్మిసార్టాన్, మూత్రం మందు అయిన హైడ్రోక్లోరోథయాజైడ్, నొప్పి మాత్ర మూడూ ఒంట్లో ఉండగా గంటల తరబడి చెమట పడితే కిడ్నీలకు రక్తం తగ్గి, వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరగవచ్చు. అందువల్ల రైడ్‌కు ముందురోజు, రైడ్ రోజు, మర్నాడు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్ ఏదీ వద్దు. అంతగా అయితే పారాసెటమాల్ 650 ఒకటి వేసుకోవచ్చు. దానికీ లొంగని నొప్పి అయితే సైకిల్ దిగడమే మందు.

బీపీ మాత్రను మాత్రం మీకు మీరుగా ఆపకండి. రాసిచ్చిన ఫిజీషియన్‌ను ఈ వారమే కలిసి 200 కిలోమీటర్ల సంగతి చెప్పండి. థయాజైడ్ తీసేసి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచడమో, దానికి ఆమ్లోడిపిన్ కలపడమో ఆయన నిర్ణయిస్తారు. ఈ మార్పు రైడ్‌కు కనీసం నాలుగు వారాల ముందే జరగాలి. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో పొద్దున, సాయంత్రం బీపీ రాసుకోండి. సగటు 135/85 లోపు ఉంటే బాగుంది. రైడ్ రోజు పొద్దున మాత్ర వేసుకోవాలా, సాయంత్రానికి జరపాలా అన్నదీ అప్పుడే అడిగి రాయించుకోండి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. దాన్ని రైడ్ వల్ల వచ్చిన వాపు అనుకోవద్దు.

మరి ఎంత తాగాలి? అందరికీ ఒకే లెక్క ఉండదు, మీ లెక్క మీరే తీయాలి. మూత్రం పోసుకొని తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. రైడ్ రోజు తొక్కబోయే వేగంతోనే గంటసేపు తొక్కి, చెమట తుడుచుకొని మళ్లీ చూసుకోండి. ఉదాహరణకు 78.0 కిలోలు 77.4 అయింది, మధ్యలో అర లీటరు తాగారు అనుకుందాం. అంటే గంటకు 1.1 లీటర్ల చెమట. చల్లని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి చేస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది. పోయినదంతా పూడ్చాలని లేదు. దాహం వేసినప్పుడు తాగుతూ మూడింట రెండు వంతులు పూడితే చాలు. డిసెంబర్‌లో చాలామందికి ఇది గంటకు 400 నుంచి 700 మిల్లీలీటర్ల మధ్య వస్తుంది. పొడుగు రైడ్ ముగిశాక కిలో, కిలోన్నర తగ్గి ఉంటే మంచిదే. బయల్దేరినప్పటి బరువే ఉన్నా, పెరిగినా ఎక్కువ తాగినట్టు.

రెండు సీసాల్లో ఒకటి మామూలు నీళ్లు, ఒకటి ఓఆర్ఎస్ పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ముద్రించిన లీటరు ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. అందులో సోడియం 75 మిల్లీమోల్స్ ఉంటుంది. ఓఆర్ఎస్ అన్న పేరుతో అమ్మే తీపి డబ్బా పానీయాలు వేరు. ఈ ఫార్ములా లేనివి ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. అయినా కొనేటప్పుడు వెనకవైపు చదవండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లకు అర టీస్పూన్ ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర, చెంచా అంచుకు సమంగా కొలిచి కలుపుకోవచ్చు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇంకా రుచి. ‘బీపీ ఉన్నవాణ్ని, ఉప్పు తినొచ్చా’ అంటారేమో. లీటరు చెమటతో దాదాపు అర టీస్పూన్ ఉప్పు పోతుంది కాబట్టి ఆ ఒక్కరోజు అది కావాల్సిందే. మర్నాటి నుంచి మళ్లీ పత్యమే. ఇంకోమాట, ఓఆర్ఎస్‌లోని సోడియం రక్తంలో ఉండేదాంట్లో సుమారు సగమే. కాబట్టి ఓఆర్ఎస్ అయినా అదేపనిగా తాగితే రక్తం పలచబడుతుంది. మధ్యాహ్నం రోడ్డు పక్కన ఈత కల్లు కనబడుతుంది, ఆ రోజుకు దాని జోలికి పోకండి.

ఫ్లోరైడ్ విషయానికి వస్తే, ఒక్కరోజు బోరునీళ్లు తాగినంత మాత్రాన ఫ్లోరోసిస్ రాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు అది. ఒక్క రైడ్‌కు భయపడాల్సింది కలుషిత నీళ్లతో వచ్చే వాంతులు, విరేచనాలకే. మిషన్ భగీరథ నల్లానో, మూత తీయని సీసానో చూసుకోండి. అయితే మీది నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండిన మర్రిగూడ వైపు కాబట్టి మిమ్మల్ని మరో రకంగా అడగాలి. చిన్నప్పుడు తాగిన నీళ్ల ప్రభావం ఎముకల మీద ఉందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. మోకాళ్లు వంచకుండా నేల మీద నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక కలుస్తాయా? వీటిలో ఏది కష్టమైనా ఎముకల డాక్టర్‌ను కలవండి, మెడ, నడుము ఎక్స్‌రే అవసరమో ఆయన చూస్తారు.

ఎందుకంటే ఇది మీ చిటికెన వేళ్లకూ సంబంధించిన విషయం. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారడానికి సైక్లిస్టుల్లో ఎక్కువగా కారణం అరచేతి మడమ దగ్గర అల్నార్ నరం హ్యాండిల్‌కు నొక్కుకోవడం. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదికి జారుతుంది, ముందు దాన్ని సమంగా పెట్టండి. హ్యాండిల్ మరీ దూరంగా, కిందికి ఉంటే మెకానిక్‌తో స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) కాస్త పొట్టిది వేయించండి లేదా ఎత్తు చేయించండి. జెల్ గ్లవ్స్, హ్యాండిల్ మీద రెండు పొరల టేప్, టైర్లలో రాయిలా గాలి కొట్టించకపోవడం, పది నిమిషాలకోసారి చేతులు మార్చి పట్టుకోవడం, మణికట్టు వెనక్కి విరవకపోవడం, ఇవి చేస్తే చాలామందికి తగ్గుతుంది. కానీ రెండు చేతులూ ఒకేసారి మొద్దుబారాయంటే మెడలోని నరాలను కూడా చూడాలి. మెడ బిగుసుగా ఉంటే అనుమానం ఇంకా ఎక్కువ. బొటనవేలికి చూపుడువేలి పక్కకు మధ్య కాగితం పట్టుకొని ఎవరితోనైనా లాగించండి. పట్టు నిలవకపోయినా, మొద్దు వారం దాటినా నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మోకాలి చిప్ప ముందు నొప్పికి మామూలు కారణాలు సీటు కిందికి ఉండడం, బరువు గేర్‌లో తొక్కడం. సీటు మీద కూర్చొని మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను అన్నిటికంటే కిందికి తెచ్చినప్పుడు కాలు నిటారుగా రావాలి, నడుము పక్కకు ఒరగకూడదు. ఆ ఎత్తులో పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా, అంటే 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. మార్చాల్సి వస్తే ఒకసారికి 3 నుంచి 5 మిల్లీమీటర్లే మార్చి రెండు మూడు రైడ్‌లు చూడండి. మోకాలి వెనక నొప్పి మొదలైతే ఎత్తు ఎక్కువైనట్టు. అర నిమిషంలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టండి. 40 నుంచి 45 రావాలి. ఎదురుగాలిలో, ఎత్తు ఎక్కేటప్పుడు అది 25కు పడిపోతుంది. అప్పుడే చిప్ప మీద భారం పడుతుంది. గేర్ ముందే తగ్గించండి. వారానికి రెండుసార్లు మెట్టు ఎక్కి దిగడం, వెల్లకిలా పడుకొని పిరుదులు పైకి లేపడం, ఒక్కోటి పన్నెండేసి చొప్పున మూడు విడతలు చేయండి.

ఇక గుండె. ఈసీజీ, మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించండి. 44 ఏళ్లు, బీపీ, బార్డర్ షుగర్ ఉన్నవారికి నేను ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయిస్తాను. ఈసీజీలో తేడా ఉంటే ఎకో కూడా. కానీ ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందంటే ఇక భయమే లేదని కాదు. తొక్కేటప్పుడు ఛాతీ బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, అకారణంగా ఆయాసం, కళ్లు తిరగడం ఏది వచ్చినా అక్కడే దిగి 108కి ఫోన్ చేయాలి. జ్వరంతో అసలు తొక్కొద్దు. తగ్గాక కూడా కనీసం వారం ఆగాలి.

ప్రాక్టీస్ ఇలా ఉంటే సరిపోతుంది: వారం మధ్యలో రెండుసార్లు గంట చొప్పున, ఆదివారం వరసగా 70, 80, 90, తర్వాత తగ్గించి 60, మళ్లీ 100, 115, మళ్లీ 70, ఆపై 130. తొమ్మిదో వారం 60తో ఆపి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. 200 ముందే తొక్కి చూడాల్సిన పని లేదు. ఎప్పుడూ పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగమే. గంటకు 20 కిలోమీటర్లు తొక్కినా పది గంటల్లో అయిపోతుంది, ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల డ్రాయర్ వేసుకోకండి, పదిహేను నిమిషాలకోసారి సీటు మీంచి లేవండి.

తిండి మొదటి అరగంట నుంచే మొదలుపెట్టి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. దాంతోపాటు ఇడ్లీలు, ఖర్జూరాలు, మధ్యాహ్నం పెరుగన్నం చాలు. తొక్కుతున్నప్పుడు కండరాలే చక్కెరను వాడుకుంటాయి కాబట్టి బార్డర్ షుగర్‌కు భయపడి ఉపవాసం ఉండొద్దు. మిర్చి బజ్జీ, బిర్యానీ నూనె కడుపులో గంటల తరబడి కదలదు, వాంతికి దారి తీస్తుంది. ప్రాక్టీస్‌లో తినిచూడనిది ఏదీ ఆ రోజు తినకండి.

పొద్దున 6 గంటలకు బయల్దేరితే గడువు రాత్రి 7.30. డిసెంబర్‌లో ఆరులోపే పొద్దుగూకుతుంది. హాలియా, మిర్యాలగూడ వైపు అప్పటికీ రోడ్ల మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాయి తగిలితే విరిగేది మెడ కింది ఎముక. ముందు, వెనక లైట్లు, హెల్మెట్, మెరిసే జాకెట్ తప్పనిసరి.

మీతో వచ్చే మిత్రులకు ముందే ఒక సంగతి చెప్పి ఉంచండి. మీరు వాంతి చేసుకొని, వేళ్లు ఉబ్బి, మాట తికమకగా వస్తే నీళ్లు తాగించవద్దు, దగ్గర్లోని ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించవద్దు. సోడియం తక్కువైనవారికి గ్లూకోజ్ బాటిల్ అంటే మరిన్ని నీళ్లే. వెంటనే సోడియం పరీక్ష చేయగల ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ అవసరమైతే ఉప్పు ఎక్కువగా ఉండే 3 శాతం సెలైన్ ఇస్తారు. వేసుకునే మాత్రల పేర్లు, మోతాదు, బయల్దేరేటప్పుడు బరువెంతో కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్‌లో జెర్సీ జేబులో పెట్టుకోండి.