ఆంధ్రాలో కొన్న ఫ్రిజ్‌కి ఒడిశాలో వారంటీ ఉండదా?

మీరుండేది పర్లాకిమిడి, ఫ్రిజ్ కొన్నది శ్రీకాకుళంలో. వారంటీ ఉండగానే కంప్రెసర్ పోయింది. షాపువాళ్లు కంపెనీని అడగమంటున్నారు, ఇక్కడి సర్వీస్ సెంటర్‌వాళ్లు ఆంధ్రా బిల్లు చెల్లదంటున్నారు. కేసు వేయాలంటే శ్రీకాకుళం తిరగాలా అని అడిగారు.

అక్కర్లేదండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా మనం ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే (కన్స్యూమర్ కోర్టు) ఫిర్యాదు చేయొచ్చు. సరిహద్దులో బతికే మనలాంటి వాళ్లకి ఇది చాలా పెద్ద మేలు.

మాది రాయగడ. పార్వతీపురంలో కొన్న ఫ్రిజ్‌తో మాకూ ఇదే టెన్షన్ వచ్చింది. ఇంటికొచ్చిన మెకానిక్, వోల్టేజ్ వల్ల పోయింది కాబట్టి వారంటీ రాదని చెప్పి వెళ్లబోయాడు. మావారు ఆ మాటే జాబ్ షీట్ మీద రాసి సంతకం పెట్టమన్నారు. అతను ఒప్పుకోలేదు. ‘కూలింగ్ లేదు, కంప్రెసర్ పనిచేయడం లేదు’ అని మాత్రం రాశాడు. తర్వాత మాకు అక్కరకొచ్చింది ఆ కాగితమే. మీరూ నోటిమాటతో వదిలేయకండి, కారణం ఏదైనా రాసిమ్మనండి.

బిల్లు, వారంటీ కార్డు, ఆ జాబ్ షీట్ దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. మాకు అక్కడితోనే తేలింది, కంపెనీవాళ్లే ఫోన్ చేసి కంప్రెసర్ మార్చారు. వారంటీ కార్డులోని చిన్న అక్షరాలు మాత్రం ముందే చదవండి. కంప్రెసర్‌కి పదేళ్లని పెద్దగా రాసినా, చాలా కంపెనీలు మొదటి ఏడాది దాటాక గ్యాస్ ఎక్కించడానికి, కూలీకి డబ్బులు తీసుకుంటాయి.

హెల్ప్‌లైన్‌తో తేలకపోతే షాపుకీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, కమిషన్‌కి వెళ్లండి. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ని పెట్టుకోవాలన్న నిబంధనా లేదు, ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. వచ్చే వారం చూద్దాం, పై నెల చూద్దాం అని వాళ్లు తిప్పుతుంటే ఆ రెండేళ్లే కరిగిపోతాయి, కాబట్టి 1915కి ఈ వారంలోనే చేసేయండి.